కిలోకు ఎన్ని గ్రాములు? బరువు తగ్గేవాళ్ల ప్రొటీన్ లెక్క

అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో జిమ్‌లో చేరిన మనిషికి మొదటి వారంలోనే మూడు అంకెలు వినబడతాయి. కోచ్ కిలోకు రెండు గ్రాముల ప్రొటీన్ తినమంటాడు. ఇంటి దగ్గరి డాక్టరు కిలోకు ఒక గ్రాము చాలు, కిడ్నీలు జాగ్రత్త అంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) పట్టికలో 0.83 అని ఉంటుంది. 70 కిలోల మనిషికి ఈ మూడు లెక్కలూ వేస్తే వరసగా 140, 70, 58 గ్రాములు. రెండింతలకు పైగా తేడా ఉంది కాబట్టి ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనిపిస్తుంది. కానీ ఈ మూడు అంకెలూ ఒకే ప్రశ్నకు వచ్చిన జవాబులు కావు. ఏ ప్రశ్నకు ఏ అంకె పుట్టిందో తెలిస్తే గందరగోళం చాలావరకు తీరుతుంది.

సంక్షిప్తంగా

బరువు నిలకడగా ఉండి, పెద్దగా వ్యాయామం లేని ఆరోగ్యవంతులకు కిలోకు 0.83 నుంచి 1 గ్రాము సరిపోతుంది. తిండి తగ్గించుకుని, బరువులెత్తే వ్యాయామం చేసేవాళ్లకు 1.6 దగ్గర ఉండడం మేలు. ఒంట్లో కొవ్వు ఇప్పటికే బాగా తక్కువ ఉండి, ఇంకా కరిగించాలనుకునే క్రీడాకారులకు 2 దాటవచ్చు. లావుగా ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో కాక, ఎత్తుకు తగిన బరువుతో లెక్క వేసుకోవాలి. మన తిండిలో ప్రొటీన్ వెంట కేలరీలు కూడా ఎక్కువే వస్తాయి కాబట్టి డైటింగ్ చేసేవాళ్లకు అంకె తెలియడం కంటే దాన్ని పళ్లెంలోకి తేవడమే కష్టం.

0.83 ఎక్కడి నుంచి వచ్చింది

ప్రొటీన్‌లో, అంటే మాంసకృత్తుల్లో, దాదాపు 16 శాతం నత్రజని ఉంటుంది. పిండిపదార్థాల్లో, కొవ్వుల్లో నత్రజని ఉండదు. ఈ తేడా ఆధారంగానే పాత కాలం నుంచీ కొలత సాగుతోంది. తిండితో లోపలికి వెళ్లిన నత్రజని ఎంత, మూత్రం, మలం, చెమటలతో బయటికి పోయింది ఎంత అని లెక్కపెడతారు. రెండూ సరిసమానమైతే ఒంట్లో ప్రొటీన్ నిల్వ తరగడం లేదన్నమాట. ఆ సమానం రావడానికి ఎంత తినాలో చూస్తే సగటున కిలోకు 0.66 గ్రాములు తేలింది. సగటు అంటే సగం మందికి అది చాలదు. అందుకని దాదాపు అందరికీ, అంటే 97.5 శాతం మందికి, సరిపోయేలా కొంత కలిపి 0.83 చేశారు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఎన్‌ఐఎన్ ఇచ్చిన సిఫారసు ఇదే. ఆ లెక్కన 65 కిలోల పురుషుడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు.

ఈ అంకె వెనక రెండు షరతులున్నాయి. వాటిని ఎవరూ చెప్పరు. మొదటిది, ప్రొటీన్ నాణ్యమైనదై ఉండాలి. ప్రొటీన్‌ను కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు. బియ్యంలో, గోధుమల్లో వాటిలో ఒకటైన లైసిన్ తక్కువ. పప్పుల్లో అది పుష్కలం కానీ మెథియోనిన్ అనే ఇంకొకటి తక్కువ. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. అయినా అన్నం వాటా బాగా ఎక్కువై, పప్పు పలచనై, పాలు, గుడ్లు పెద్దగా లేని భోజనానికి కిలోకు ఒక గ్రాము లెక్క వేసుకోవడం మంచిది. డాక్టర్లు చెప్పే ఒక గ్రాము ఇక్కడిదే.

రెండో షరతు, కేలరీలు చాలినన్ని అందుతుండాలి. డైటింగ్ చేసేవాడు కావాలని తీసేసేది సరిగ్గా దీన్నే.

తార్నాకలో తేలిన పాత సంగతి

ఎన్‌ఐఎన్ 1918లో కూనూర్‌లో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. పేద దేశాల పిల్లలకు ప్రధానంగా లేనిది ప్రొటీనేనని అప్పట్లో ప్రపంచమంతా అనుకునేది. చేపల పొడులు, ప్రత్యేక ప్రొటీన్ పిండ్లు తయారుచేసి పంచాలని పెద్ద పథకాలు వేశారు. ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్త సి.గోపాలన్, ఆయన సహచరులు ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. రోజూ తినే అన్నం, పప్పే కడుపునిండా పెడితే ప్రొటీన్ లోటు చాలావరకు దానంతటదే తీరుతుందని, పిల్లలకు కరువైంది మొత్తం తిండేనని వారి వాదన. 1970ల నాటికి ప్రపంచ సంస్థలు కూడా మెల్లగా ఆ దారికే వచ్చాయి. ‘హైదరాబాద్ మిక్స్’ అనే పిల్లల ఆహారం ఈ సంస్థ రూపొందించిందే. అందులో ఉండేవి గోధుమలు, సెనగపప్పు, పల్లీలు, బెల్లం. కేలరీలకూ ప్రొటీన్‌కూ కలిపి ఒకే గరిటె.

దీని వెనకున్న సూత్రం తేలికైనదే. ఒంటికి ముందు ఇంధనం కావాలి, తర్వాతే మరమ్మతు. ఇంధనం చాలకపోతే తిన్న ప్రొటీన్‌లో కొంత భాగం కూడా పొయ్యిలోకే పోతుంది. ఇంధనం చాలినంత ఉంటే తక్కువ ప్రొటీన్‌తోనే పని జరిగిపోతుంది.

బరువు తగ్గే మనిషి ఇదే సూత్రాన్ని తిరగేసి నడుపుతున్నాడు. రోజుకు 500 కేలరీలు తగ్గించుకుంటే కొవ్వుతో పాటు ప్రొటీన్ కూడా కొంత ఇంధనంగా ఖర్చవుతుంది. అలాంటప్పుడు బరువు నిలకడగా ఉన్నవాళ్లకోసం వేసిన 0.83 అతనికి చాలుతుందని అనుకోవడానికి వీల్లేదు. పిల్లల పళ్లెంలో కేలరీలు పెంచమన్న శాస్త్రమే డైటింగ్ చేసేవాళ్లను ప్రొటీన్ పెంచమంటోంది.

తిండి తగ్గితే కండకు ఏమవుతుంది

ఒంట్లోని ప్రొటీన్ రోజూ కొంత కూలుతూ, కొంత కొత్తగా కడుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో ఇలా కూలి కట్టేది రోజుకు 250 నుంచి 300 గ్రాముల దాకా ఉంటుంది. అంటే తినేదానికంటే చాలా ఎక్కువ. కూలినదాంట్లోంచి వచ్చిన అమైనో ఆమ్లాల్లో ఎక్కువ భాగాన్ని ఒళ్లు మళ్లీ కట్టడానికే వాడుకుంటుంది, మిగతా కొంత కాలిపోతుంది. ఆ కాలిపోయిన మేరకు తిండి నుంచి రావాలి. కొవ్వుకు ఒంట్లో గోదాము ఉంది, చక్కెరకు కాలేయంలోనూ కండలోనూ చిన్న గది ఉంది. ప్రొటీన్‌కు అలాంటి గది లేదు. దాని నిల్వ అంటే కండే. అవసరం పడితే అందులోంచే తీస్తుంది.

కడుపు కాల్చుకుని బరువు తగ్గినవాళ్లు తూకం మీద ఐదు కిలోలు తగ్గామని సంతోషిస్తారు. అందులో ఒకటి, ఒకటిన్నర కిలో కొవ్వు కానిదే అయ్యుండవచ్చు. ఆ తర్వాత బరువు తిరిగి పెరిగితే, వ్యాయామం లేనివాళ్లలో వచ్చేది ఎక్కువగా కొవ్వే. రెండు మూడుసార్లు ఇలా ఎక్కిదిగితే మొదటి బరువే ఉన్నా ఒళ్లు మారిపోతుంది.

దీన్ని ఆపేవి రెండు. ఒకటి బరువులెత్తే వ్యాయామం. ‘ఈ కండ వాడుకలో ఉంది, కూల్చొద్దు’ అని ఒంటికి అందే కబురు అదే. రెండోది ఆ మరమ్మతుకు కావలసిన సరుకు. సరుకు ఉండి కబురు లేకపోతే ప్రయోజనం కొంతే. కేబీఆర్ పార్క్ చుట్టూ రోజూ గంట నడవడం గుండెకు, షుగర్‌కు చాలా మంచిది కానీ, కండను నిలపడంలో నడకకు పెద్ద బలం లేదు. నడకతో సరిపెట్టి ప్రొటీన్ డబ్బా కొనేవాళ్లు నగరంలో తక్కువేమీ కాదు. వాళ్లు ఆ డబ్బుతో రెండు డంబెల్స్ కొనుక్కుంటే లాభం ఎక్కువ.

పరిశోధనలు ఏమంటున్నాయి

2013లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో మనుషులను మూడు జట్లుగా చేసి, మూడు వారాల పాటు కేలరీలను దాదాపు 40 శాతం లోటులో ఉంచారు. ఒక జట్టుకు కిలోకు 0.8, రెండోదానికి 1.6, మూడోదానికి 2.4 గ్రాములు. 0.8 జట్టుకంటే మిగతా రెండు జట్లలో కండ నష్టం తక్కువగా ఉంది. 1.6కీ 2.4కీ మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ప్రయోగం వేరే మాట చెప్పినట్టు కనిపిస్తుంది. బరువు ఎక్కువున్న 40 మంది కుర్రాళ్లు, నాలుగు వారాలు, మళ్లీ 40 శాతం లోటే. వారానికి ఆరు రోజులు గట్టి వ్యాయామం. 1.2 గ్రాములు తిన్న జట్టు కండ నిలుపుకొంది. 2.4 తిన్న జట్టు లోటులో ఉండి కూడా సుమారు 1.2 కిలోల కండ పెంచుకుని, 4.8 కిలోల కొవ్వు పోగొట్టుకుంది. జిమ్ కోచ్‌లు ‘రెండు’కు తరచూ చూపేది ఇదే. కానీ ఇందులో 1.6 జట్టు అసలు లేదు. 2.4 అనేది 1.2 కంటే మెరుగని ఇది నిరూపించింది, అంతవరకే. పైగా నాలుగు వారాలు, వారానికి ఆరు రోజులు ఒళ్లు హూనం చేసుకున్న ఇరవై ఏళ్ల కుర్రాళ్ల ఫలితాన్ని, వారానికి మూడు రోజులు జిమ్‌కు వెళ్లే 45 ఏళ్ల ఉద్యోగికి యథాతథంగా అంటగట్టలేం.

2018లో 49 పరిశోధనలను, అంటే 1,800 మందికి పైగా మనుషుల వివరాలను, కలిపి విశ్లేషించారు. వ్యాయామంతో పెరిగే కండకు ప్రొటీన్ తోడ్పాటు సుమారు 1.6 గ్రాముల దాకా పెరిగి, అక్కడి నుంచి చదునైపోతోందని తేలింది. మనిషి మనిషికీ ఉండే తేడాను లెక్కలో కలిపితే ఈ హద్దు 2.2 దాకా వెళ్లవచ్చు. ఆ 2.2 ఎక్కువ ప్రచారంలోకి వచ్చింది. అమెరికా జిమ్ముల్లో చాలాకాలంగా ఉన్న ‘పౌండుకు ఒక గ్రాము’ అనే సూత్రాన్ని కిలోల్లోకి మారిస్తే సరిగ్గా అంతే వస్తుంది మరి.

ఎన్‌ఐఎన్ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ప్రొటీన్ పొడులు వద్దన్నాయని వార్తలొచ్చాయి. అది నిజమే. కానీ వ్యాయామం చేసేవాళ్లలో 1.6 దాటితే అదనపు లాభం ఉండదని కూడా అదే పుస్తకం చెప్పింది. జిమ్‌కూ తార్నాకకూ మధ్య దూరం జనం అనుకుంటున్నంత లేదు.

ఏ కిలో?

గుణకారంలో రెండో అంకె గురించి ఎవరూ అడగరు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 95 కిలోలు ఉన్న మనిషి కిలోకు 2 గ్రాములని లెక్క వేస్తే 190 గ్రాములు. అంత తినాలంటే రోజుకు ఇంచుమించు కిలో పచ్చి చికెన్ కావాలి. కొవ్వుకు ప్రొటీన్ అవసరం చాలా తక్కువ కాబట్టి ఒంటి మీదున్న అదనపు కిలోలకు కూడా ప్రొటీన్ కట్టబెట్టడం వృథా.

ఎత్తుకు బరువు తగినట్టుందా అని చూసే కొలత బీఎంఐ. మనవాళ్లకు అందులో 23ను మేలైన హద్దుగా వాడుతున్నారు. 170 సెంటీమీటర్ల మనిషికి ఆ హద్దు దాదాపు 66 కిలోలు. దాన్ని 1.6తో గుణిస్తే 106 గ్రాములు. అదే ఎత్తున్న 80 కిలోల మనిషికైనా, 95 కిలోల మనిషికైనా 100 నుంచి 120 మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు. 160 సెంటీమీటర్ల స్త్రీకి హద్దు 59 కిలోలు, అంటే 85 నుంచి 95 గ్రాములు. గ్రాము అటూ ఇటూ అయిందని టెన్షన్ పడే లెక్క కాదిది. వారం సగటు చూసుకుంటే చాలు.

పళ్లెంలో అసలు చిక్కు

నగరంలో మామూలుగా ఒక రోజు తిండి ఇలా ఉంటుందనుకుందాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ: 12 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం: మరో 12. పప్పు ఆరేడు, పెరుగు మూడు. రాత్రి మూడు చపాతీలు తొమ్మిది, పది. కూరలు, రెండు టీల్లో పాలు కలిపి ఇంకో ఏడు. మొత్తం 50 చుట్టూ. పట్టికలోని 54కు దగ్గరగానే ఉంది, మామూలు రోజులకు పెద్దగా భయపడాల్సింది లేదు.

ఇప్పుడు ఈ మనిషి డైటింగ్ మొదలుపెడతాడు. చేసే మొదటి పని అన్నం సగం చేయడం, చపాతీలు ఒకటికి తేవడం. కేలరీలు తగ్గాయి, కానీ ప్రొటీన్ కూడా 50 నుంచి 38కి పడిపోయింది. అన్నాన్ని, చపాతీని మనం ప్రొటీన్‌గా చూడం. కానీ మన తిండిలో వాటి వాటా పెద్దది. జాతీయ గృహ వినియోగ సర్వేల ప్రకారం నగరవాసులకు అందే ప్రొటీన్‌లో 40 శాతం దాకా ధాన్యాల నుంచే వస్తోంది, పల్లెల్లో ఇంకా ఎక్కువ. కాబట్టి అన్నం తగ్గించి దాని స్థానంలో ఏమీ పెట్టకపోవడమంటే, అవసరం పెరిగిన సమయంలోనే సరఫరా తగ్గించడం.

సరే, పప్పు పెంచుదామంటే ఇంకో అడ్డంకి. ఒక గ్రాము ప్రొటీన్ కోసం వెంట ఎన్ని కేలరీలు మోయాల్సి వస్తోందో చూస్తే అది అర్థమవుతుంది. బియ్యంలో గ్రాము ప్రొటీన్ వెంట దాదాపు 45 కేలరీలు వస్తాయి. గోధుమ పిండిలో 30. బాదంలోనూ 30, పల్లీల్లో 22 దాకా. కందిపప్పులో 15, పనీర్‌లో కూడా అంతే. చిక్కటి గేదె పాలల్లో 29, టోన్డ్ పాలల్లో 19. గుడ్డుకు 12, తెల్లసొన ఒక్కటే అయితే 5. స్కిన్‌లెస్ చికెన్, రవ్వు చేప 5 నుంచి 6. మీల్ మేకర్ ఆరేడు.

వంద గ్రాముల ప్రొటీన్ మొత్తం కందిపప్పుతోనే తేవాలంటే 1,500 కేలరీలు పప్పుకే పోతాయి. బరువు తగ్గేవాళ్ల రోజు బడ్జెట్ దాదాపు అంతే. కూరలో నూనె చుక్కకు కూడా చోటుండదు. పప్పు చెడ్డదని కాదు, దాని ఒక్కదాని మీదే భారం వేయలేమని. ‘ప్రొటీన్ కోసం’ అని గుప్పెళ్లకొద్దీ బాదం తినడం, పీనట్ బటర్ రాసుకోవడం అయితే కొవ్వు తింటూ ప్రొటీన్ తింటున్నామనుకోవడమే.

మాంసాహారులకు దారి తేలిక. మూడు గుడ్లు, 200 గ్రాముల పచ్చి చికెన్ కలిస్తే 62 గ్రాముల ప్రొటీన్, 460 చుట్టూ కేలరీలు. మిగిలిన 40 గ్రాములు పప్పు, పెరుగు, కొద్దిపాటి అన్నంతో తేలిగ్గా వచ్చేస్తాయి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో, తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి. మనకు అందుబాటులో ఉన్న సరుకే ఇది. బిర్యానీ లెక్క మాత్రం వేరు. ప్లేట్ చికెన్ బిర్యానీలో రెండు ముక్కలుంటాయి, అందులోనూ ఎముక బరువు ఉంటుంది. మిగతాదంతా నూనె, నెయ్యి పట్టిన బియ్యం. హలీంలో మాంసం, గోధుమలు, పప్పులు కలిసి ప్రొటీన్ బాగానే ఉంటుంది కానీ నెయ్యి కూడా అంతే ధారాళంగా ఉంటుంది. రంజాన్ నెలలో రోజూ ‘ప్రొటీన్ డిన్నర్’ పేరుతో తినేవాళ్లకు ఈ మాట.

శాకాహారులకు కొంచెం ప్లాన్ కావాలి, అంతేగానీ అసాధ్యం కాదు. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు వేస్తే 14 గ్రాములు. లోపల ఉప్మా పెడితే మళ్లీ రవ్వ కేలరీలు చేరతాయి, కాబట్టి ఉత్త పెసరట్టే మేలు. మధ్యాహ్నం కాస్త అన్నం, 40 గ్రాముల పప్పుతో ముద్దపప్పు, 200 గ్రాముల పెరుగు: 21. పప్పుచారు, సాంబారు అయితే పప్పు కింద లెక్కపెట్టకూడదు, ఒక గరిటెలో రెండు మూడు గ్రాములకు మించదు. సాయంత్రం సెనగల గుగ్గిళ్లు గుప్పెడు: 8. రాత్రి రెండు జొన్నరొట్టెలు, 50 గ్రాముల మీల్ మేకర్‌తో కూర: 32. గ్లాసు టోన్డ్ పాలు, 60 గ్రాముల పనీర్ ఎక్కడో ఒకచోట చేరిస్తే 17. మొత్తం 92, నూనె, కూరగాయలతో కలిపి కేలరీలు 1,650 చుట్టూ.

ఈ లెక్కను నిలబెట్టింది మీల్ మేకరే. నూనె తీసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి ఎండు బరువులో సగం ప్రొటీనే. మగవాళ్లు తింటే హార్మోన్లు తారుమారవుతాయన్న ప్రచారం దీన్ని వెంటాడుతోంది. పరిశోధనలను కలిపి చూసినప్పుడు మగవాళ్ల టెస్టోస్టెరాన్‌పై సోయా ప్రభావం కనబడలేదు. గ్యాస్ సమస్య ఉన్నవాళ్లు నానబెట్టి, గట్టిగా పిండి, కొద్దికొద్దిగా మొదలుపెడితే సరి.

పచ్చిదా, ఉడికిందా

యాప్‌లో తిండి ఎక్కించుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వంద గ్రాముల పచ్చి చికెన్‌లో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. వండాక నీరు పోయి 70, 75 గ్రాములకు తగ్గుతుంది, ప్రొటీన్ మాత్రం అంతే ఉంటుంది. అందుకే వండిన చికెన్ వందకు 30 గ్రాములని రాస్తారు. పప్పుకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 ఉంటుంది, కానీ నీళ్లు పోసి వండితే మూడింతలై, వంద గ్రాముల ఉడికిన పప్పులో ఆరేడు గ్రాములే మిగులుతుంది. ‘పప్పులోనూ చికెన్‌లోనూ ప్రొటీన్ సమానం’ అనే వాట్సాప్ సందేశం పచ్చి బరువుల వరకే నిజం. ఇంట్లో అందరికీ కలిపి వండే గిన్నెలో తన వాటా తెలియాలంటే, వండేముందు తూచి, వంతులతో భాగించడమే తేలిక మార్గం.

డబ్బాల సంగతి

వే ప్రొటీన్ అంటే పాలు విరిచినప్పుడు మిగిలే తేటలోంచి తీసి ఎండబెట్టిన పొడి. ఒక స్కూప్‌లో 24 గ్రాములు, 120 కేలరీలు. నాణ్యతలో దానికి వంక పెట్టలేం. పెట్టాల్సింది మార్కెట్‌కు. 2024లో ప్రచురితమైన ఒక పరిశీలనలో మన దేశంలో అమ్మే 36 రకాల పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతంలో లేబుల్ మీద రాసినదానికీ లోపలున్నదానికీ పొంతన లేదు. కొన్నింటిలో చెప్పిన దాంట్లో సగమే ప్రొటీన్.

ఖర్చు కూడా చూసుకోవాలి. చిల్లర ధరలు మారుతూనే ఉంటాయి గానీ, మోటుగా చెబితే మీల్ మేకర్‌లో గ్రాము ప్రొటీన్ అర్ధరూపాయి లోపు పడుతుంది. కందిపప్పులో ముప్పావలా అటూ ఇటూ. గుడ్డులో రూపాయికి కాస్త పైన. చికెన్‌లో అంతకంటే కొంచెం ఎక్కువ. పేరున్న వే డబ్బాలో మూడు రూపాయలు దాటుతుంది. హాస్టల్లో ఉంటూ వండుకునే వీలు లేనివాళ్లకు, గుడ్డు కూడా ముట్టని వాళ్లకు ఒక స్కూప్ ఉపయోగపడుతుంది. పాలు పడనివాళ్లకు లాక్టోజ్ తక్కువుండే ఐసొలేట్ రకం నయం. ఇంట్లో గుడ్లు, చికెన్ వండుకునేవాళ్లకు అది సౌకర్యమే తప్ప అవసరం కాదు.

ఎప్పుడు తినాలి

వ్యాయామం అయ్యాక అరగంటలోపు తాగకపోతే అంతా పోయినట్టే అన్న మాటకు ఆధారం బలహీనం. రోజు మొత్తం ఎంత తిన్నారన్నదే ముఖ్యం. పూటకు 25 నుంచి 35 గ్రాముల చొప్పున పంచుకుంటే కండ కట్టడానికీ, ఆకలి ఆగడానికీ మంచిది. మనకు పొద్దుటి టిఫినే బలహీనం. ఇడ్లీ, ఉప్మా, ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్... మధ్యాహ్నం దాకా అందే ప్రొటీన్ బాగా తక్కువ. పప్పు, అన్నం ఒకే పూట కలపాలన్న పట్టింపు లేదు, ఒకే రోజులో చేరితే చాలు.

ప్రొటీన్ అరగడానికే దాని కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుందన్నది నిజమే. అలాగని అద్భుతాలేమీ జరగవు. 50 గ్రాముల పిండిపదార్థం స్థానంలో అంతే ప్రొటీన్ తింటే రోజుకు 30, 40 కేలరీల లాభం, అంటే ఒక బిస్కెట్టు. బరువు తగ్గడంలో ప్రొటీన్ అసలు సాయం కడుపు నిండినట్టు ఉంచడమే.

కిడ్నీల భయం ఎవరికి

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలను ఈ స్థాయి ప్రొటీన్ పాడుచేస్తుందని చూపే ఆధారం లేదు. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లకు మాత్రం ఎక్కువ ప్రొటీన్ నిజంగానే భారం. డయాలసిస్ అవసరం రాని దశలో వాళ్లకు 0.8 చుట్టూ ఉంచుతారు, కొందరికి ఇంకా తక్కువ. చిక్కల్లా జబ్బు ఉన్నట్టు తెలియకపోవడంలోనే ఉంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో కిడ్నీ సమస్య ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండవచ్చు. అలాంటివాళ్లు ప్రొటీన్ రెట్టింపు చేసేముందు క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. డాక్టరు ‘ఒక గ్రాము చాలు’ అనడం వెనక సాధారణంగా ఉండేది ఈ జాగ్రత్తే. రిపోర్టులు బాగుంటే ఆయనతో మళ్లీ మాట్లాడవచ్చు. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు మటన్, లివర్ తగ్గించి గుడ్లు, పాలు, పెరుగు వైపు మళ్లడం మంచిది.

అరవై అయిదు దాటినవాళ్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. వయసుతో కండ కట్టే వేగం తగ్గుతుంది కాబట్టి వాళ్లకు వ్యాయామం లేకపోయినా 1 నుంచి 1.2 గ్రాములు సూచిస్తున్నారు. మన ఇళ్లలో జరిగేది వేరు. పళ్లు కదలడంతో మాంసం పోతుంది, అరగదని పప్పు తగ్గుతుంది, రాత్రికి మజ్జిగన్నంతో సరి. కొడుకు జిమ్ కోసం గుడ్లు ఉడికే ఇంట్లో వాటి అవసరం ఎక్కువున్నది తాతకే కావచ్చు.

2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాక ఈ లెక్కకు కొత్త వర్గం తోడైంది. ఆకలి బాగా చచ్చిపోవడంతో తిండి సగమైపోతుంది. పరిశోధనల్లో తగ్గిన మొత్తం బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కానిదే ఉంది. వీళ్లకు 1.2 దాటడం కూడా కష్టమే. పళ్లెంలో ముందు గుడ్డో, చేపో, పనీరో తిని, అన్నం దగ్గరికి తర్వాత రావడం ఉన్నంతలో పనిచేసే పద్ధతి.

లోటు ఆగాక

అనుకున్న బరువుకు చేరాక కూడా చాలామంది అదే 1.6ను, అదే అర్ధాకలిని కొనసాగిస్తారు. కేలరీలు మళ్లీ చాలినన్ని అందడం మొదలైతే ప్రొటీన్‌ను ఇంధనంగా కాల్చాల్సిన అవసరం ఒంటికి తగ్గుతుంది. వ్యాయామం ఆపకుండా ఉంటే 1.2 నుంచి 1.6 మధ్య ఎక్కడున్నా కండ నిలుస్తుంది. ఎత్తుకు తగిన బరువుతో వేసిన లెక్క కాబట్టి పది కిలోలు తగ్గినా గ్రాములు కొత్తగా మార్చుకోవాల్సిన పనిలేదు. మారేది పక్కనున్న అన్నమే. తీసేసిన ఆ రెండు గరిటెలు వారానికి కాస్త చొప్పున వెనక్కి తెచ్చుకుంటూ, తూకం కదలని చోట ఆగవచ్చు.